ఇరవైకి ఒకటి కొసరు

పుదుచ్చేరి,
1911 జూలై 12.

బావగారికి, ఆదికేశవన్ నమస్కారాలు.

మీకు బదిలీ అయి, మీరూ అక్కా యానాం వెళ్ళి నెల దాటింది. మీ స్థానంలో, మీ కుర్చీలో కూర్చుంటున్నాను అని రాద్దామంటే కూర్చునే తీరిక ఎక్కడిది! మీరు అటు వెళ్ళగానే మన బడి పెద్ద వాద్యారు మీ తరగతినీ నా తరగతినీ కలిపేశారు. నలభైరెండు మంది పిల్లలు, అందులో ఆరుగురు ఆడపిల్లలు. సగం మంది మిల్లు కూలీల బిడ్డలు. లెక్కల పుస్తకాలు తొమ్మిది. ఒక పుస్తకానికి నలుగురైదుగురు చొప్పున గుండ్రంగా కూర్చోబెట్టాను. వేరే దారి లేక చేసిన పని అది, గొప్పకు కాదు. కానీ వారం తిరిగేసరికి ఒక వింత చూశాను. నేను మూడుసార్లు చెప్పినా ఎక్కని భాగహారం, పక్కవాడు ఒకసారి చెబితే ఎక్కుతోంది. అప్పటినుంచి నేను చెప్పడం తగ్గించి వినడం మొదలుపెట్టాను.

ఇంకో సంగతి. వెళ్ళేటప్పుడు మీరు నా చేతిలో పెట్టిన బెత్తం ఉందే, దాన్ని రెండుగా విరిచి అమ్మ చేత పొయ్యిలో పెట్టించాను. ఆ పూట సాంబారు భలే కుదిరింది. కోప్పడకండి.

ఒకటే చిరాకు. పక్క తరగతి ఇరుసప్పన్ వాద్యారు రోజుకు రెండుసార్లు మా కిటికీ దగ్గర నిలబడి తొంగిచూస్తున్నాడు. అడిగితే "ఏం లేదు, గాలికి" అంటాడు. ఆ కిటికీలోంచి ఏనాడూ గాలి వచ్చింది లేదని మీకు తెలుసు.

అక్కను అడిగానని చెప్పండి.

ఆదికేశవన్

*

యానాం,
1911 జూలై 28.

చిరంజీవి ఆదికేశవన్‌కు నటేశన్ ఆశీస్సులు.

ఉత్తరం అందింది. మీ అక్కకు చదివి వినిపించాను. తనకు అక్షరాలు రావు కనుక నా నోటితోనే నీ కబుర్లు వినాలి. సంతోషించింది.

బెత్తం సంగతి మాత్రం చదవలేదు. అది నాకు మా వాద్యారు ఇచ్చింది. ఇరవైరెండేళ్ళు నా చేతిలో ఉంది. దానితో దెబ్బలు తిన్నవాళ్ళు ఇవాళ గవర్నరు కచేరీలో గుమాస్తాలుగా ఉన్నారు. నీకు సాంబారు కుదిరింది. మంచిది.

పిల్లలే పిల్లలకు చెప్పుకుంటే సర్కారు నిన్నెందుకు పెట్టుకుంది నాయనా? ఈ ప్రశ్న నేను వేస్తే బావగారి చాదస్తం అంటావు. రేపు ఇంకొకరు వేస్తారు, అప్పుడు తెలుస్తుంది. ఇరుసప్పన్‌ను నమ్మకు. గాలికి నిలబడేవాడు బయటికి చూస్తాడు గానీ లోపలికి చూడడు. అసలే మన ఫ్రెంచి ఊళ్ళో దాక్కున్న స్వదేశీవాళ్ళ కోసం ఇంగ్లీషువాళ్ళ వేగులు తిరుగుతున్న కాలం. నలుగురు గుండ్రంగా కూర్చుంటే అక్కడేం మాట్లాడుకుంటున్నారని రాసుకునేవాడు ఒకడు ఉండనే ఉంటాడు.

ఇక్కడ గోదావరి నీళ్ళు మీ అక్కకు పడలేదు. అందరూ తెలుగువాళ్ళే, అయినా మన తెలుగు విని నవ్వుతారట. సాయంత్రమైతే సముద్రపు ఒడ్డు, పెద్ద బజారు అని కలవరిస్తుంది. తిరిగి బదిలీకి అర్జీ పెట్టాను. అక్కడ ఖాళీ ఉంటే చూస్తామన్నారు. ఉన్నది ఒక్క స్థానం, అందులో నువ్వున్నావు. నవ్వుకు రాశాను.

నటేశన్

*

పుదుచ్చేరి,
1911 సెప్టెంబరు 20.

బావగారికి నమస్కారాలు.

మీ నోటి మాట ఫలించింది. మీరు రాసిన ప్రశ్నే పట్టమ్మాళ్ వచ్చి అడిగింది. పెద్ద బజారులో మామిడికాయలు అమ్ముతుంది, ఆమె కూతురు రాసాత్తి నా దగ్గర చదువుతోంది. పాఠం మధ్యలో బుట్ట నెత్తిన పెట్టుకునే గుమ్మంలో నిలబడింది.

"ఏంది వాద్యారయ్యా, నా బిడ్డ పొద్దుగూకులా వాళ్ళకీ వీళ్ళకీ పాఠం చెప్తా ఉండాదంట. ఇంటికొచ్చి గొంతు పోయిందంటది. అది చెప్పేదుంటే మీరు దేనికి? దాన్ని ఈడికి పంపింది నేర్చుకునేదానికా, నేర్పేదానికా?"

పిల్లలంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమె అనుమానంలో తప్పేముంది? "రెండు దినాలు మీరు కూడా ఇక్కడే కూర్చుని చూడండి" అన్నాను. బజారు ఎవరు చూస్తారని గొణుక్కుంటూనే ఒక గంట కూర్చుంది. వెళ్ళేటప్పుడు "సరి" అంది. ఆ సరికి అర్థం ఒప్పుకున్నాననా, చూసుకుంటాననా, ఇప్పటికీ తెలియదు.

తరగతిలో ఒక కట్టుబాటు పెట్టాను. ఎవరు తప్పు చేసినా దెబ్బ లేదు. లేచి నిలబడి, ఆ తప్పు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో చెప్పాలి. చెప్పినవాడూ నేర్చినవాడూ కలిసి కూర్చుని దిద్దుకోవాలి. ఎవరి దగ్గరా నేర్చుకోనిదైతే "నాదే" అని చెప్పి కూర్చోవాలి. మొదట్లో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకున్నారు. పోనుపోను "నాదే" అనడం గొప్ప అయిపోయింది.

నీళ్ళకుండ కూడా అన్ని ఇళ్ళ పిల్లలకూ ఒకటే పెట్టాను. దీని గురించి గొణుగుడు ఉంది. ఎవరు గొణుగుతున్నారో తెలియదు. ఇరుసప్పన్ ఇప్పుడు రోజుకు మూడుసార్లు తొంగిచూస్తున్నాడు. మొన్న చేతిలో చిన్న కాగితం, పెన్సిలు కూడా చూశాను.

ఆదికేశవన్

*

యానాం,
1911 నవంబరు 5.

చిరంజీవికి ఆశీస్సులు.

కాగితం, పెన్సిలు! ఇంకేం కావాలి? నీ గొయ్యి కొలతలు రాసుకుంటున్నాడు. నీళ్ళకుండ విషయం ఎందుకు నెత్తిన వేసుకున్నావు? ఏ పిల్లవాడి పక్కన ఎవరిని కూర్చోబెట్టావు, ఏ ఇంటివాళ్ళు ఏమంటున్నారు, పరీక్షకు ఎవరెవరిని పంపుతున్నావు, అంతా వివరంగా రాయి. దూరంగా ఉన్నవాడికి తోచే ఉపాయం దగ్గరున్నవాడికి తోచదు.

మన వీధి కృష్ణస్వామి పని మీద ఇటు వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు అతని చేత పూతరేకులు పంపుతాను. కొత్త బియ్యం వచ్చాక సంక్రాంతి దాటి బయలుదేరతానన్నాడు. చాలా పలచగా ఉంటాయి, గట్టిగా పట్టుకోకు.

ఇక్కడ ఒక వింత చెబుతాను. నీ జబ్బు మా ఇంటికి కూడా అంటుకుంది. పక్కింటి సుబ్బులు అని తొమ్మిదేళ్ళ పిల్ల, దానికి మీ అక్క పులిహోర చెయ్యడం నేర్పుతోందట. బదులుగా అది మీ అక్కకు పలక మీద అక్షరాలు దిద్దిస్తోంది. నలభై ఏళ్ళ వయసులో! "నేను చెబుతానుగా" అంటే, "మీరు చెప్తే నాకు బయ్యం" అంది. ఇరవైరెండేళ్ళు బడి నడిపినవాడికి ఇంట్లో దక్కిన మాట ఇది.

నటేశన్

*

పుదుచ్చేరి,
1912 ఫిబ్రవరి 8.

బావగారికి నమస్కారాలు.

పూతరేకులు అందాయి. సగం విరిగాయి, అయినా బాగున్నాయి. కృష్ణస్వామి మీరు చిక్కిపోయారన్నాడు.

కొంప మునిగింది బావా. పోయిన సోమవారం పెద్ద వాద్యారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు. బల్ల మీద ఒక ఉత్తరం. సంతకం లేదు, ఆకాశరామన్న ఉత్తరం. ఫ్రెంచిలో రాసి నేరుగా ఇన్‌స్పెక్టరు దొరకు పంపారు. ఆయన దాన్ని చూడమని మా పెద్ద వాద్యారుకు పంపారు. తపాలా ముద్ర పుదుచ్చేరిదే. నేను పాఠం చెప్పనట, పిల్లల చేత చెప్పించి కునుకు తీస్తానట. అన్ని కులాలకూ ఒకే కుండ పెట్టి ఊళ్ళో గొడవలు రేపుతున్నానట. గుంపులుగా కూర్చోబెట్టేది పరీక్షలో జవాబులు చేతులు మార్చడానికేనట. ఇంకా ఏవేవో ఉన్నాయట, పెద్ద వాద్యారు అంతవరకే చదివి చెప్పారు.

సర్టిఫికెట్టు పరీక్షకు పదకొండు మందిని పంపుతున్నాను. మన పాళెం బడి నుంచి ఇంతమంది ఎప్పుడూ వెళ్ళలేదు. ఇన్‌స్పెక్టరు దొర తానే వచ్చి దగ్గరుండి రాయిస్తారట. ఏమాత్రం తేడా వచ్చినా నా ఉద్యోగం పోతుంది. అది నాకు రెండో భయం. మొదటి భయం ఏమిటంటే, ఆ పదకొండు మందికీ మళ్ళీ బడి గుమ్మం తొక్కే అవకాశం ఉండదు. నేరుగా మిల్లుకే.

ఇరుసప్పన్‌తో మాట మానేశాను. ఎదురైతే తల తిప్పుకుంటున్నాను. వాడు పాపం ఏమీ ఎరగనట్టు "ఏం వాద్యారే, ఒంట్లో బాగా లేదా?" అంటాడు. ఎంత నటన!

ఆదికేశవన్

*

యానాం,
1912 ఫిబ్రవరి 17.

చిరంజీవికి ఆశీస్సులు.

నేను చెప్పలేదా? నిప్పు లేనిదే పొగ రాదని దొరలు కూడా నమ్ముతారు. ఇరుసప్పనే. నాకు ఇసుమంత సందేహం లేదు. వాడితో తగువు పెట్టుకోకు, ఎందుకు రాశావని అడగను కూడా అడగకు. అడిగితే జాగ్రత్తపడతాడు.

నా మాట విను. విచారణ దాకా రానివ్వకు. పరీక్షకు ముందే, ఆరోగ్యం బాగాలేదని, బదిలీ కావాలని అర్జీ పెట్టు. యానాం అడుగు. నేను అటు వస్తాను, నువ్వు ఇటు రా. మర్యాద దక్కుతుంది. మీ అక్క కూడా సొంత ఊరు చేరుతుంది. కొత్తవాడివి, ఎక్కడైనా బతుకుతావు. ఆ పదకొండు మందినీ నేను పరీక్షకు తయారు చేస్తాను. బెత్తం లేకపోయినా సరే.

తిరుగు తపాలాలో జవాబు రాయి. ఆలస్యం చెయ్యకు.

నటేశన్

*

పుదుచ్చేరి,
1912 మార్చి 24.

బావగారికి,

అర్జీ పెట్టలేదు. పరీక్ష అయింది. మొత్తం రాస్తాను, ఓపికగా చదవండి.

దొర పొద్దున్నే వచ్చారు, పక్కన దుబాసీ. పిల్లల్ని దూరదూరంగా కూర్చోబెట్టారు. లెక్కల్లో ఒక ప్రశ్న ఇది: వ్యాపారి దగ్గర నాలుగువందల మామిడికాయలు ఉన్నాయి, బుట్టకు ఇరవై చొప్పున పెడితే ఎన్ని బుట్టలు? మనం కళ్ళు మూసుకుని ఇరవై అంటాం. సాయంత్రం దొర కాగితాలు దిద్దుతూ దిద్దుతూ ఆగిపోయారు. నన్ను పిలిచారు. పదకొండు మందిలో పదిమంది రాసిన జవాబు ఒకటే. "పందొమ్మిది బుట్టలు. ఒకటి మిగులు."

ఒప్పు జవాబు పదిమందికి ఒకటే కావచ్చు. తప్పు జవాబు, అదీ ఇంత వింత తప్పు, పదిమందికి ఒకేలా ఎలా వస్తుంది? ఒప్పు రాసినవాడు ఒక్కడే, చెంగల్రాయన్. పిల్లలు ఇలాంటి లెక్కలు చెప్పుకున్న మూడు వారాలూ ఆటలమ్మ పోసి బడికి రానివాడు. దొర జేబులోంచి, పెద్ద వాద్యారు తిరిగి ఇచ్చిన ఆకాశరామన్న ఉత్తరం తీసి బల్ల మీద పెట్టారు. "జవాబులు చేతులు మార్చారని ఇందులో ఉంది. ఏమంటావు?" అన్నారు. నిజం చెబుతున్నాను, ఒక్క క్షణం నా పిల్లల్ని నేనే అనుమానించాను.

దొర పదిమందినీ పది చోట్ల నిలబెట్టారు. వరండాలో ఒకరు, బావి దగ్గర ఒకరు. ఒకరి మాట ఒకరికి వినబడదు. ఒక్కొక్కరి దగ్గరికీ దుబాసీతో వెళ్ళి, ఈ జవాబు ఎక్కడిదని అడిగారు. మా కట్టుబాటు ప్రకారం వాళ్ళు చేతులు కట్టుకుని చెప్పేశారు. ముత్తు "మారిముత్తు దగ్గర" అన్నాడు. మారిముత్తు "మణియమ్మ దగ్గర" అన్నాడు. మణియమ్మ "రాసాత్తి దగ్గర" అంది. తొమ్మిదిమందీ తిరిగి తిరిగి రాసాత్తి దగ్గరికే చేరారు. రాసాత్తి మాత్రం "నాదే" అంది.

"ఎలా వచ్చింది పందొమ్మిది?" అని దుబాసీ గద్దించాడు.

"ఇరవై అంటే ఇరవై ఒకటి గదా దొరా! ఇరవైకి ఒకటి కొసరెయ్యకుంటే బుట్ట ఎవురు కొంటారు? బజారుకొచ్చి ఎవుర్నైనా అడగండి."

"మరి మిగిలిన ఒకటి?"

"అది నాకు. మా యమ్మ ఎప్పుడూ నాకే ఇస్తాది."

దుబాసీకి ఇది ఫ్రెంచిలో చెప్పడానికి చాలాసేపు పట్టింది. కొసరుకు వాళ్ళ భాషలో మాట దొరకలేదు కాబోలు, చేతులతో బుట్ట పట్టి చూపించాడు. దొర కాగితం మీద నాలుగువందల్ని ఇరవై ఒకటితో భాగించి చూసుకున్నారు. పందొమ్మిది, ఒకటి మిగులు. అప్పుడు నవ్వారు బావా. గట్టిగా నవ్వారు. పదిమందికీ మళ్ళీ అలాంటి లెక్కే ఇచ్చారు, చివర "కొసరు లేదు" అని దుబాసీ చేత రాయించారు. మొత్తం మీద పదకొండు మందిలో తొమ్మిదిమంది గట్టెక్కారు. నా ఉద్యోగం నిలిచింది. పట్టమ్మాళ్ బుట్టెడు కాయలు తెచ్చి బడి గుమ్మంలో పెట్టి, "దొరకు కూడా ఒకటి కొసరెయ్యి వాద్యారయ్యా" అంది.

ఇప్పుడు మీకు మాత్రమే రాయవలసింది రాస్తాను.

ఆకాశరామన్న ఉత్తరంలో పెద్ద వాద్యారు అప్పుడు నాకు చదివి చెప్పని సంగతి ఒకటుంది. "పాత వాద్యారు ఇచ్చిన బెత్తాన్ని విరిచి తల్లి చేత పొయ్యిలో పెట్టించాడు" అని ఉంది. దొర ఆ ముక్క చదివి తల ఎత్తారు. "ఆ గోడ మీదున్నది ఏమిటి?" అన్నారు. మీ బెత్తం. మొదటి రోజునుంచీ అక్కడే ఉంది. దేశపటం వేలాడదీసింది దానికే. మా బడిలో నలభైరెండు మంది పిల్లలూ, పెద్ద వాద్యారూ, ఇరుసప్పనూ రోజూ దాన్ని చూస్తూనే ఉన్నారు. బెత్తం కాల్చానన్నది నేను ఆడిన అబద్ధం. మిమ్మల్ని ఉడికించడానికి ఆడాను. ఆ అబద్ధం రాసింది ఒక్క ఉత్తరంలో. ఆ ఉత్తరం వెళ్ళింది ఒక్క ఇంటికి. ఇక పుదుచ్చేరి ముద్ర ఎలా పడిందంటారా, పూతరేకుల సంచీలో ఇంకేం వచ్చిందో కృష్ణస్వామిని నేను అడగలేదు. అడగను కూడా.

ఇరుసప్పన్ దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. దేనికని ఆశ్చర్యపోయాడు. తన తరగతికి తీసుకెళ్ళి చూపించాడు. బల్లలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. కాగితం మీద రాసుకున్నది మా పిల్లలు కూర్చునే వరస. "అడిగి నేర్చుకుందామంటే నువ్వు నాకంటే చిన్నవాడివి, సిగ్గేసింది" అన్నాడు. ఆ మంచివాడిని నెలన్నర పాటు పామును చూసినట్టు చూశాను. అది ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీకు తెలుసు.

మీ మీద నాకు కోపం ఉంది. లేదని అబద్ధం రాయను, ఒక అబద్ధానికి ఇంత అయింది. మీరు నాకు ఓనమాలు దిద్దించినవారు. అందుకే అరవను, ఎవరికీ చెప్పను. మా తరగతిలో అడిగినట్టే అడుగుతున్నాను. ఈ తప్పు ఎవరి దగ్గర నేర్చుకున్నారు బావా?

ఆదికేశవన్

*

పుదుచ్చేరి,
1912 మే 2.

బావగారికి,

జవాబు లేదు. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నారని ఒకరోజు అనుకుంటాను. ఒంట్లో ఎలా ఉందోనని ఇంకోరోజు భయపడతాను. అక్క ఎలా ఉందో అదైనా రాయండి.

ఆదికేశవన్

*

యానాం,
1912 మే 19.

చిరంజీవి ఆదికేశవన్‌కు,

ఆశీస్సులు అని రాసి కొట్టేశాను. ఆ మాట రాసే అర్హత తెచ్చుకున్నాక రాస్తాను.

నీ మార్చి ఉత్తరం మీ అక్కకు వినిపించలేదు. "అందరూ కులాసాట" అని చెప్పి పెట్టె అడుగున పెట్టాను. మీ అక్కకు ఇప్పుడు చదవడం వచ్చన్న సంగతి మరిచిపోయాను. సరిగ్గా చెప్పాలంటే నమ్మలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల ఏం నేర్పుతుందిలే అనుకున్నాను. పోయిన వారం పెట్టె సర్దుతూ తీసి, వేలు పెట్టి కూడబలుక్కుంటూ పూర్తిగా చదివింది. చదవడానికి ఒక పగలంతా పట్టిందట. నేను బడినుంచి వచ్చేసరికి విస్తరి వేసి ఉంది, పక్కన కాగితం, కలం ఉన్నాయి. అన్నం పెట్టింది. మాట మాత్రం లేదు. ఎనిమిది రోజులైంది.

రాస్తున్నాను. ఆ ఉత్తరం నేనే రాశాను. కృష్ణస్వామి చేతికి కవరు ఇచ్చి, బదిలీ అర్జీ, అక్కడ తపాలాలో వెయ్యి అన్నాను. అతనికేమీ తెలియదు. బదిలీ కోసం చేశానని నాకు నేను చెప్పుకున్నాను. మీ అక్క దిగులు తీర్చడానికని చెప్పుకున్నాను. అవి రెండూ సాకులే. నువ్వు బెత్తం పొయ్యిలో పెట్టానని రాసిన రోజున నన్నే అందులో పెట్టినట్టు మండింది. అంతకన్నా మండింది ఏమిటంటే, అది లేకుండా కూడా పిల్లలకు చదువు వస్తోందని నువ్వు రాయడం. అలాగైతే నా ఇరవైరెండేళ్ళు ఏమిటి? నేను కొట్టినవాళ్ళంతా నన్ను చూసి భయపడ్డారు తప్ప నా దగ్గర నేర్చుకోలేదా? ఆ ప్రశ్న నా ముందుకు రానివ్వకూడదని నిన్నే ఆ బడిలో లేకుండా చేద్దామనుకున్నాను. కంచే చేను మేసింది.

కొసరు లెక్క నాలుగుసార్లు చదివాను. నా తరగతిలో ఆ పిల్ల అలా రాసి ఉంటే కొట్టేవాణ్ణి. ఎందుకు రాసిందో ఎప్పటికీ తెలిసేది కాదు.

బదిలీ అర్జీ వెనక్కి తీసుకున్నాను. ఇన్‌స్పెక్టరు దొరకు ఇవాళే వేరే ఉత్తరం రాశాను, కింద సంతకం పెట్టాను. ఏం చేస్తారో చెయ్యనీ. బెత్తం గోడ మీదే ఉండనివ్వు, దేశపటానికి పనికొస్తోంది కదా.

నువ్వు అడిగినదానికి లేచి నిలబడి జవాబు చెబుతున్నాను. ఇది ఎవరి దగ్గరా నేర్చుకున్నది కాదు. నాదే.

నటేశన్

తమ్ముడూ,

కుప్పమ్మాళ్ రాసేది. ఈయన రాసిందంతా నేనే చదివినా. ఒక్క ముక్క కూడా ఇడిసిపెట్టలా. ఇన్నాళ్ళూ ఆయన చదివిందే విని, నా తమ్ముడు ఇంతే రాసినాడు అనుకుంటా ఉంటి. పెట్టెలో ఉండే పాత జాబులు గూడా తీసి చదివినా. సగం నాకు చెప్పనే లేదు. నువ్వు బెత్తం కాల్చినానని బొంకింది గూడా తప్పే, అక్కగా చెప్తా ఉండా. ఊరికి పోవాలని ఏడిస్తిని గానీ నీ కూడు తీసి పొమ్మని యాడ అంటిని? ఈ కాయితం నా ముందరే కవర్లో పెట్టి, తపాలాకు నేనే పోయి ఏసొస్తా. రాసాత్తిని అడిగినానని చెప్పు.

ఇందులో తప్పులుంటే అవి సుబ్బులు దగ్గర నేర్చుకున్నవి, దాన్ని ఏమీ అనొద్దు. కోపం మాత్రం నాదే.